ముప్పై ఒక్క మీటర్ల తీగ

సాయంత్రం టైలరమ్మ మేడెక్కి చూస్తే, రేడియో కోసం పిట్టగోడల మధ్య మూడు వరసలుగా లాగి కట్టిన రాగి తీగ మొత్తం మాయమైంది.

గాలికి తెగింది కాదు. తీగను పట్టి ఉంచిన తాళ్ళ ముడులు శుభ్రంగా విప్పి ఉన్నాయి. తీసినవాడెవడో చెయ్యి తిరిగినవాడే.

పొద్దు గుంకేలోగా షార్ట్‌వేవ్ మీద ఒక్క విదేశీ స్టేషనైనా పట్టకపోతే, నాన్న గుర్తుగా మిగిలిన రేడియోను ఎలక్ట్రీషియన్ మరిది విప్పేసి సామాన్లు తీసుకుంటాడు. నోరు జారి వేసిన పందెం అది. వారం నుంచి ఆమెకు దొరికినవి బుసబుసలే.

కింద కొట్లో మరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి వదినా, మొహం అలా వాడిపోయింది?"

"తీగ పోయింది."

"పోతే పోనీలే. డయల్ మీద ముప్పై ఒక్క మీటర్లని రేడియో తరంగం పొడవు రాసుంటే, జాకెట్టు గుడ్డ కొలిచినట్టు అంత తీగా కొలిచి కట్టావు. వీధి వీధంతా నవ్వింది."

"వీధికి చెప్పిందెవరో?"

మరిది గడియారం వంక చూశాడు. "ఇంకో పావుగంటుంది. స్క్రూడ్రైవర్ తెచ్చుకోనా?"

టైలరమ్మ కళ్ళు కొట్టంతా గాలించాయి. కుట్టిన బట్టలు వేలాడే ఇనప కమ్మీ దగ్గర ఆగాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, చెక్క దిమ్మెల మీద ఉంది. బట్టలన్నీ లాగి బల్ల మీద పడేసింది. ఒక తీగ ముక్కను కమ్మీకి చుట్టి, రెండో కొస రేడియో వెనక ఏరియల్ బొక్కలో దూర్చింది. రేడియో గుర్రుమంది. మిషన్ మోటారు ప్లగ్గు పీకి, ట్యూబులైటు ఆర్పింది. గుర్రు అణిగింది.

ఇన్నాళ్ళూ డయల్ ముల్లును గబగబా తిప్పేసేది. ఇప్పుడు సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి జరిపింది. ఈల వినపడింది. మరో వెంట్రుకవాసి.

రేడియోలో గంట మోగింది. వెనకే ఒక ఆడగొంతు, ఒక్క ముక్కా అర్థంకాని భాషలో, గడగడా వార్తలు చదివింది.

టైలరమ్మ వాల్యూమ్ చివరిదాకా తిప్పి తలుపులు బార్లా తెరిచింది. నవ్విన వీధంతా గుమ్మంలో గుమిగూడింది.

"ఏం మరిదిగారూ, పనిలో పనిగా మేడ మీద ఆ ముడులు విప్పిన చెయ్యెవరిదో చెప్పెయ్యి."

మరిది నేలచూపులు చూశాడు.

"నేనే వదినా. ఆర్నెల్ల కిందట నేనూ ఒక రేడియో కొన్నాను. ఒక్క స్టేషనూ దొరకలేదు. ఎలక్ట్రీషియన్ని కదా, ఎవర్నడిగినా పరువు పోతుంది. మధ్యాహ్నం నీ తీగ కట్టి చూసినా బుసబుసలే. నీ రేడియో విప్పితేనన్నా మర్మం తెలుస్తుందనుకున్నా. ముల్లును ఆ వెంట్రుకవాసి జరపడమేదో, నాక్కూడా కాస్త నేర్పు."