కొత్వాలు కాలు

ఇరగని కాలును ఎట్ల అతికిస్తరు, అతికియ్యాలంటే ముందుగాల ఇరగాలె గద, ప్రొఫెసర్ సాబ్ చెప్పింది గదే, చెప్పినప్పుడు అందరు తలకాయలు ఊపిండ్రు, ఆశన్న సుత ఊపిండు, అప్పుడు అది ఉత్త మాట, ఇప్పుడు పొద్దుగాల సైకిలు తొక్కుకుంట శక్కర్‌నగర్ తొవ్వల పోతుంటే ఆ మాటనే నెత్తిల గిర్రున తిరుగుతున్నది, ఒక పక్క చెరుకుబండ్లు ఫ్యాక్టరీ గేటు దాక లైనుకట్టి నిలబడ్డయి, ఎడ్లు నెమరేస్తున్నయి, చెరుకు మడ్డి వాసన ముక్కులకు కొడుతున్నది, ఈ ఎడ్ల డాక్టరే తను, బోధన్ల గాలికుంటుకు మందు రాసుడు, గొంతువాపుకు సూదులిచ్చుడు, అడ్డం తిరిగిన దూడను గుంజుడు, ఇదీ తన పని, కుక్కల బొక్కలతోని తనకేం పని, ఇక్కడ కుక్కకు కాలిరిగితే దవాఖానకు తెచ్చేటోడెవడు, మూడు కాళ్లతోని కుంటుకుంట అదే బతుకుతది, లేకుంటే సస్తది, కానీ పట్నంల పోరగాండ్ల సమ్మెలకు పశువైద్యం కాలేజీకి తాళం పడ్డది, ప్రొఫెసర్ సాబ్ ఊకె కూసోలేకపోయిండు, విలాయత్‌ల నేర్చుకొచ్చిన విద్య, ఇరిగిన బొక్క లోపట ఉక్కు సలాక దింపి నిలబెట్టే విద్య, దాన్ని చేతిల పెట్టుకొని ఎట్ల కూసుంటడు, బెల్లం షావుకారు ఒకాయన ఖాళీ గోదాం ఇస్తననంగనే చుట్టుపక్కల పశువుల డాక్టర్లను నేర్పుతనని జమచేసిండు, మొదటి వారం బొక్కలు, రెండో వారం కీళ్లు, ఇయ్యాల్టి నుంచి కీళ్లు.

మొన్న రాత్రి సుమిత్రమ్మ అన్నం పెట్టుకుంట అడిగింది, అన్ని కుక్కలు యాడికెల్లి వస్తున్నయి మీకు, అని, ఆశన్న పెండ్లాం ఏదడిగినా సూటిగనే అడుగుతది, బండ్ల కింద పడ్డయి, లారీల కింద పడ్డయి తెస్తరు, మేం బాగుచేస్తం, అన్నడు తను, నోట్లెకెల్లి ఎంత అలకగ వచ్చింది ఆ మాట, పప్పుల ఉప్పెక్కువైందన్నంత అలకగ, ఆమె సంబురపడ్డది, పుణ్యమే గద అన్నది, తను ఇంకో ముద్ద మింగిండు, మింగుతుంటె రంపం సప్పుడు చెవులల్లనే ఉన్నది, కర్ర కోసినట్టుండదు బొక్క కోస్తే, ఆ సప్పుడుల తడి ఉంటది, ఆ పగలే గోదాంల మత్తుసూదికి గోధుమరంగు కుక్క నాలుక పక్కకేసి పండుకున్నది, తొడ మీద బొచ్చు గొరిగి, తోలు కోసి, కండను పక్కకు జరిపి చూస్తే బొక్క ఎంత తెల్లగున్నదో, ఎంత సాఫుగున్నదో, ఒక్క గీత లేదు, కానియ్యి ఆశన్నా, అన్నడు ప్రొఫెసర్ సాబ్ ఎనుకకెల్లి, ఊపిరి చూద్దామని మెడ కాడ చెయ్యి పెడితే నల్లదారం తగిలింది, దారం, దిక్కులేనిదని గల్లీలకెల్లి పట్టుకొచ్చిన కుక్కకు దారమెవరు కడ్తరు, పక్క బల్ల కాడున్న హన్మండ్లు, మోస్రా కాడికెల్లి వచ్చిన డాక్టరు, అతను సుత చూసిండు, ఎవడో దిష్టికి కట్టింటడు తియ్యి, అన్నడు, అని తలకాయ తిప్పుకున్నడు, ఆశన్న కోసిండు, కోసినంక సలాక దింపిండు, మూలుగల నుంచి సలాక దిగుతుంటే ఏడ ఆగాలెనో చేతికే తెలిసింది, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అట్ల కూసున్నయి, నడుమ గోరు సుత దూరది, శాబాష్, అన్నడు ప్రొఫెసర్ సాబ్, అందరిని పిలిచి చూపెట్టిండు, ఆ నిమిషం ఎంత సంతోషమైందో, గదే సమజైతలేదు, సంతోషమెట్లైంది, అడ్డం తిరిగిన దూడ బతికి బయటవడ్డప్పుడు అయినట్టే అయింది, అదే గుండె, అదే సంతోషం, హన్మండ్లు కోసిన కుక్క మళ్ల లేవనే లేదు, అయినా తన సంతోషం తగ్గలే, ఇంటికి పోయేదాక ఉన్నది, సుమిత్రమ్మ అడిగేదాక ఉన్నది.

గోదాంల అడుగుపెట్టంగనే కొసకున్న జాలీ డబ్బాల తోక సప్పుడు, టప్పు టప్పుమని, గోధుమరంగుదే, కట్టు కట్టిన కాలు ఎత్తిపట్టి మూడు కాళ్ల మీద లేచింది, తనను చూసే తోకాడిస్తున్నది, ఎందుకాడిస్తవే, కోసింది నేనే గద, మత్తుల ఉన్నదానికి ఎట్ల తెలుస్తది, మత్తు దిగినంక నొప్పి తెలిసింది, నొప్పికి సూదిచ్చింది తను, పాలు పోసింది తను, దానికి తెలిసినోడు పాలు పోసిన ఆశన్ననే, రంపం పట్టిన ఆశన్నను అది చూడనే లేదు, చూసినోడు తనొక్కడే, అట్లనుకుంటుండంగనే ప్రొఫెసర్ సాబ్ పిలిచిండు, ఆశన్నా, ఆ గోధుమరంగుదాన్నే బల్ల మీద పెట్టు, రెండో పక్క తుంటి కీలు మంచిగనే ఉన్నది, తొడబొక్క కొసకున్న గుండును కోసి తీసేద్దాం, తీసేసినంక కండలే దాన్ని పట్టుకుంటయి, కీలు లేకున్నా కుక్క నడుస్తది, మీరు నమ్మరు, చూస్తే నమ్ముతరు. సార్, ఒక కాలు ఇంకా మానలే, రెండోది సుత కోస్తే అది దేని మీద నిలబడ్తది, అని అడిగిండు ఆశన్న, ప్రొఫెసర్ సాబ్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, కోపం రాలే ఆయనకు, ఆయన మంచోడే, అదే కష్టం, ఆయన చెడ్డోడైతే ఎంత అలకగుండేది, నిలబడకపోతే నిద్రలనే పంపిద్దాం, నొప్పి తెల్వదు, కొత్త కుక్కను పట్టుకొస్తే మంచిగున్న ఇంకోదాన్ని చెడగొట్టినట్టైతది, అది నీకు బాగుంటదా, నీ చేతిల పని ఉన్నది ఆశన్నా, ఈ ఒక్కదాని మీద నేర్చుకుంటే రేపు వంద కుక్కలు నడుస్తయి, అన్నడు, నిజమే గద, వంద ఎక్కువనా ఒకటెక్కువనా, చిన్నప్పుడు నందిపేట్ల పసుపు ఉడకబెట్టే కాలంల కోడె కాలువల పడి కాలిరిగితే బాపు దాన్ని కసాయోనికి తోలిచ్చి వచ్చి అన్నం ముట్టలే, ఇరిగిన కాలుకు మందు లేదా బాపూ, అని తను ఏడ్సిండు, ఆ ఏడుపే తనను ఈ చదువులకు తోలింది, ఆనాడు ఎవడన్న డాక్టరొచ్చి, ఇంకోని కోడె కాలిరగ్గొట్టి నేర్చుకున్న, మీ కోడెను నిలబెడ్తనంటే, బాపు వద్దంటుండెనా, తను వద్దంటుండెనా, ఆ ఇంకోని కోడె ఏమైందని అడుగుతుండెనా, అడగకపోతుండె, మరి ఇప్పుడెందుకు కాళ్లు డబ్బా దిక్కు కదుల్తలేవు, కదిలితే ఒక తప్పు, కదలకుంటే ఇంకో తప్పు, ఏది చిన్నదో ఎవరు చెప్తరు.

డాక్టర్ సాబూ, అని గేటు కాడ ఆడమనిషి గొంతు, పెంటవ్వ, ఫ్యాక్టరీ కాడ బండ్లోళ్లకు జొన్నగట్క, అంబలి అమ్ముకునే పెంటవ్వ, తను దినాం ఆమె పొయ్యి ముందట్నుంచే పోతడు, ఒక్కనాడు సుత సైకిలు ఆపి తాగలే, ఆపి ఉంటే ఆ పొయ్యి కాడ పండుకునే కుక్కను ఎరుగుతుండె, మీ సుమిత్రమ్మ చెప్పింది బిడ్డా, నీ కాడ కుక్కల కాళ్లు బాగుచేస్తుండ్రంట, నా కొత్వాలు కనవడ్తలేడు, గోధుమరంగుంటడు, మెడకు నల్లదారం కట్టిన, అనుకుంటనే లోపటికొచ్చింది, ఆమె గొంతు ఇని గోధుమరంగుది కుయ్యోమని జాలీ మీద పడ్డది, కొత్వాలు, దానికి పేరున్నది, ఎడ్లు గట్క కుండల మూతి పెట్టకుంట కావలి కాస్తదని ఎవరో బండ్లోళ్లు పెట్టిన పేరంట, పెంటవ్వ చెప్తనే ఉన్నది, చెప్పుకుంటనే డబ్బా ముందట కూలవడ్డది, కట్టు చూసింది, ఏ లారోడు ఎక్కిచ్చిండు కొడకా, వాని చేతులిరగ, వాని చేతులు పురుగులు వడ, అన్నది, అదే ఊపిరిల ఆశన్న రెండు చేతులు గుంజుకొని కండ్లకద్దుకున్నది, ఈ చేతులు సల్లగుండ బిడ్డా, నోరులేనిదాన్ని బతికిచ్చినవు, అన్నది, ఏ చేతులిరగాలె, ఏ చేతులు సల్లగుండాలె, ఉన్నయి రెండే, ఆమె కండ్లనీళ్లు వాటి మీద వెచ్చగ పడ్తున్నయి, ఇడిపిచ్చుకోవాలెనా, ఉండనియ్యాలెనా, ప్రొఫెసర్ సాబ్ దగ్గరికొచ్చి మెల్లగ చెప్పిండు, కట్టిప్పనీకె ఇంకో వారం పడ్తదని చెప్పి పంపు, ఆలస్యమైతున్నది, ఎంత అలకైన మాట, ఆమె నమ్ముతది, దండం పెట్టుకుంట పోతది, వారం తర్వాత వస్తే, పాపం, బతకలే అవ్వా, అంటే సరిపోతది, దానికి సుత దండమే పెడ్తది, లారీనే, లారీనే తిట్టుకుంటది.

లారీ కాదవ్వా, అన్నడు ఆశన్న, తన గొంతు తనకే ఇంకోనిది లెక్క వినవడ్డది, నేనే ఇరగ్గొట్టిన. పెంటవ్వ నవ్వింది, పరాచికమనుకున్నది, నువ్వెందుకిరగ్గొడ్తవు బిడ్డా, నువ్వు డాక్టరువైతివి, అన్నది, డాక్టరునే, నేర్చుకుందామని కోసిన, మంచిగున్న కాలునే కోసి మళ్ల అతికిచ్చిన, అన్నడు, ఆ నవ్వు ఆమె మొకం మీద అట్లనే ఉన్నది, దిగుడు మరిచినట్టు, తర్వాత చేతులిడిచింది, తిడ్తదనుకున్నడు, తిడితే బాగుండు, మీద ఉమ్మితే ఇంక బాగుండు, ఆమె తిట్టలే, నేర్సుకున్నవా మరి, అని అడిగింది, అందుల ఎకసెక్కం లేదు, నిజంగనే అడిగింది, ఏమనాలె, లేదంటే అబద్ధం, అవునంటే సిగ్గు, నేర్చుకున్న అవ్వా, అన్నడు, ఇంక నేర్సుకునేది ఉన్నదా, అన్నది, ఉన్నది, ఇయ్యాల దాని రెండో కాలు కోయాలె, అన్నడు, పెంటవ్వ వంగి డబ్బా గొళ్లెం తీసింది, ఎత్తబోయి ఆగింది, ఎట్ల ఎత్తితే నొయ్యదో తెల్వదు ఆమెకు, తనకు తెలుసు, తొడ కింద ఒక చెయ్యి, ఛాతి కింద ఒక చెయ్యి, ఆశన్న ఎత్తుకున్నడు, పోతే కీళ్ల పని నీకింకెవరు నేర్పరు ఆశన్నా, అన్నడు ప్రొఫెసర్ సాబ్, బెదిరిచ్చినట్టనలే, బాధతోనే అన్నడు, నిజమే, ఎవరు నేర్పరు, హన్మండ్లు అప్పటికే ఇంకో డబ్బా దిక్కు నడుస్తున్నడు, ఇది తప్పిచ్చుకుంటే అది దొరికింది, తను కాపాడింది దేన్ని, ఒకదాన్ని కాపాడి ఇంకోదాన్ని బల్ల ఎక్కిచ్చిండా, మళ్ల లోపటికి పోయి ఆ డబ్బాలన్ని తెరవాలెనా, చేతులల్ల కొత్వాలు బరువున్నది, ఎనుకకు తిరగలే, ఎందుకు తిరగలేదో తెల్వదు.

పొయ్యి కాడ గోనెబస్త పరిచింది పెంటవ్వ, కొత్వాలును పండవెట్టినంక పోవాలెనా, ఉండాలెనా, తెల్వక ఆశన్న అక్కడనే కూసున్నడు, ఇంక చెప్పాల్సింది ఉన్నది, అది చెప్తే ఈ కుక్కను ఆమె మళ్ల తన చేతికియ్యదు, చెప్పకుంటే కుక్కకు నష్టం, అవ్వా, కాలు లోపట ఉక్కు సలాక ఉన్నది, బొక్క అతికినంక తియ్యాలె, అన్నడు, అంబలి కలిపే చెయ్యి ఆగింది, మళ్ల కోస్తవా, అన్నది, కోస్త, నిద్రపుచ్చి కోస్త, అన్నడు, తియ్యకుంటే ఏమైతది, అన్నది, చీము పట్టొచ్చు, సలాక జరిగి కీలుల గుచ్చుకోవొచ్చు, అప్పుడు ఆ కాలు కింద పెట్టదు, అన్నడు, బండోడొకడు వచ్చి అంబలి అడిగిండు, ఆమె పోసిచ్చింది, వాడు తాగి పోయినంక ఆశన్న మొకం దిక్కు చూసింది, అయితే నేను పక్కకు కూసుంట, అన్నది, నువ్వు కోస్తుంటె దాని తలకాయ పట్టుకొని కూసుంట, ఏం చేస్తున్నవో నాకు చెప్పుకుంట చెయ్యి.

చెప్పుకుంట చెయ్యి, ఆ మాట కాడ ఆశన్న మనసు ఆగింది, గోదాంల ఏ బల్ల కాడ ఎవ్వరు కూసోలే, దేనికి ఎవ్వరు లేరనే గద వాటిని తెచ్చింది, కోసుడు తప్పా ఒప్పా, ఒకటా వందనా అని ఇన్ని దినాలు తండ్లాడిండు, అడిగేటోళ్లు లేని జాగల చేసిన పని అది, కట్టుకున్న పెండ్లానికి సుత చెప్పలేకపోయిన పని, ఇగ ముందట ఏ జీవం మీద కత్తి పెట్టినా దాని మనిషి ఒకరు పక్కకుండాలె, ఎవ్వరు లేకుంటే ఉన్నట్టే అనుకోవాలె, వాళ్ల మొకం చూసి చెప్పగలిగితే చెయ్యాలె, చెప్పలేకపోతే ఎంత గొప్ప విద్యయినా కత్తి కింద పెట్టాలె, గింతే, ఇది సమజయ్యేటందుకు మంచిగున్న ఒక కాలు ఇరగాల్సి వచ్చింది, సరే అవ్వా, అన్నడు, చెప్పుకుంటనే చేస్త.