ఎండుకొమ్మను పట్టుకున్న వేళ్లు

మా ఆర్గైల్ తీరంలో హేజెల్ చెట్ల మీద ఒక పుట్టగొడుగు పుడుతుంది. నారింజ రంగు, అచ్చం మనిషి వేళ్లు. ఇప్పుడు అరుదైపోయింది. చేపలు పట్టే మా ఆయన లాఖ్లన్‌కి దాని మీదే ప్రాణం. అది పాకిన ఎండుకొమ్మ ఒకదాన్ని తెచ్చి, మా పెరట్లోని పచ్చి హేజెల్ చెట్టుకు వలతాడుతో కట్టాడు, దానికీ అంటుకుంటుందని.

"శవాన్ని తెచ్చి పెళ్లి చేస్తున్నావా దానికి?" అన్నాను.

"నవ్వకే ఎఫీ. ఒక్కసారి పట్టు దొరికిందా, ఇక వదలదు."

ఆ చలికాలమే పడవ మునిగింది. లాఖ్లన్ శవం కూడా దొరకలేదు.

కొన్నేళ్లకు, గొర్రెలు కాసే టోర్కిల్ పెళ్లి చేసుకుందామంటే సరేనన్నాను.

"పెరట్లో ఆ ఎండుకొమ్మ దేనికి? తీసి పారెయ్యరాదూ?" అన్నాడు.

నిజమేననిపించింది. కత్తి తీసుకెళ్లి తాడు కోశాను. తాడు రాలింది. కొమ్మ మాత్రం రాలలేదు.

వంగి చూశాను. ఎండుకొమ్మనూ పచ్చికొమ్మనూ కలిపి నారింజ వేళ్లు బిగించి పట్టుకున్నాయి.

"చచ్చి కూడా వదలవా నన్ను!" అని అరుస్తూ పీకబోయాను. ఉప్పునీళ్లలో నానిన చేతిలా చల్లగా తగిలాయి.

"ఎఫీ, ఊడిందా?" గుమ్మంలోంచి టోర్కిల్ కేకేశాడు.

"ఊడదు," అన్నాను.

కింద పడ్డ తాడు ఏరి, మళ్లీ చుట్టి, ముడి మీద ముడి వేశాను.