లోపలి గడియ

మిరప్పొడి పొట్లాలు లెక్కపెట్టేటప్పుడు శ్రీవిద్య ఎప్పుడూ ‘ఒకటి’ అనదు. "లాభం, రెండు, మూడు..." అంటుంది. అంగడోళ్ళ ఇళ్ళలో కొలతకైనా లెక్కకైనా మొదటిది లాభమే. కోయిలకుంట్లలో వాళ్ళ నాన్న నాగసుబ్బయ్య శనగలు కొలిచేటప్పుడు అలాగే అనేవాడు. పక్కన కూర్చుని బొరుగులు తింటూ ఐదేళ్ళ శ్రీవిద్య కూడా అలాగే నేర్చుకుంది. లెక్కల్లో ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసైనా ఆ అలవాటు పోలేదు. పెళ్ళై మైదుకూరుకు వచ్చాక ఎమ్మెస్సీ అటకెక్కింది గానీ, అలవాటు మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా అంగడికి పొట్లాలు కట్టడం ఆమె పని. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు. "ఇంట్లో ఊరికే కూసోనుండేదే గదా, రోంత చేతులాడిస్తే పోలా" అన్నాడు కళ్యాణ్, పెళ్ళైన కొత్తలో. పదకొండేళ్ళుగా ఆ చేతులు ఆడుతూనే ఉన్నాయి. తుమ్ములు, కళ్ళ మంట, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ఎరుపు, ఇవన్నీ ఊరికే కూర్చున్నందుకు వచ్చినవే.

ఆ ఇంట్లో పడకగదికి లోపలి గడియ లేదు. ఆరేళ్ళ కింద, మూడేళ్ళ పాప లక్ష్మీప్రియ ఆటలో గడియ వేసుకుని, తీయడం రాక లోపల ఏడుస్తుంటే వడ్రంగి ఓబుళేశు వచ్చి దాన్ని ఊడబీకాడు. మళ్ళీ పెట్టించమని శ్రీవిద్య అడిగింది. "మన మధ్య దాపరికాలేముండాయి?" అన్నాడు కళ్యాణ్ నవ్వుతూ. దాపరికాలు లేకుండా ఉండాల్సింది ఆమె ఒక్కతే. అంగట్లో అతని గల్లాపెట్టెకు తాళముంది, బీరువాకు తాళముంది, బాత్రూముకు వెళ్ళేటప్పుడు కూడా వెంట తీసుకెళ్ళే ఫోనుకు వేలిముద్ర ఉంది. ఆమె ఫోనుకు నంబరుంటే అది పాప పుట్టినరోజే ఉండాలి, అందరికీ తెలిసుండాలి. చీర మార్చుకుంటుంటే అత్తగారు దువ్వెన కోసం వచ్చేది, మొగుడు చార్జరు కోసం వచ్చేవాడు, అత్తగారి తమ్ముడు ఒకసారి ఊరికే వచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె బాత్రూములో, తడి నేల మీద, కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని చీర కట్టుకుంటోంది. ఆరేళ్ళుగా ఆమె చీరల అంచులన్నీ తడే.

రెండేళ్ళ కింద ఓ లెక్క చెబుతూ వీడియో తీసి, పేరు పెట్టి, మొహం చూపించి నెట్‌లో పెట్టింది. మొదట కళ్యాణే మురిసిపోయి బంధువులందరికీ పంపాడు. తర్వాత మొదలైంది. లెక్క ఎవరూ చూడలేదు. రవిక చేతులు పొట్టిగా ఉన్నాయన్నారొకరు, పైట జారిందన్నారొకరు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఇంకేదో రాశాడు. పెద్దమామ ధనుంజయ ఫోన్ చేసి "మనిండ్ల ఆడోళ్ళకు ఇది అవసరమా అప్పా" అన్నాడు. కళ్యాణ్ ఆమెను అడక్కుండానే, పాప పుట్టినరోజు నొక్కి, ఆమె ఫోన్లోంచి వీడియో తీసేశాడు. "నేనేం లెక్కలు చెప్పొద్దనడంల్యా. మొగం లేకుండా చెప్పుకో పో" అన్నాడు.

సరే, అలాగే చెప్పుకుంది.

నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పాత లాప్‌టాప్ కెమెరా శ్రీవిద్య మొహాన్ని చూస్తుంది గానీ, చూసేవాళ్ళకు తెరమీద ఓ బొమ్మ అవ్వ కనిపిస్తుంది. ఈమె నవ్వితే అవ్వ నవ్వుతుంది, ఈమె కనుబొమలెగరేస్తే అవ్వా ఎగరేస్తుంది. తెల్లటి జుట్టు, సోడాబుడ్డి కళ్ళజోడు, ముక్కుకు రెండు పక్కలా బేసరి. వయసులో ఉన్న బొమ్మలు బోలెడు దొరికాయి. వాటి జోలికి పోలేదు. ముసలమ్మను ఎవరూ పైట సర్దుకోమనరు గదా. గొంతు కూడా కాస్త బొంగురుగా మార్చి, పేరు ‘లెక్కలవ్వ’ అని పెట్టుకుంది.

కళ్యాణ్ భోంచేసి అంగడికి పోయాక, పాప బడి నుంచి రాకముందు, రెండుంబావుకు కుర్చీ ఒకటి తలుపుకు అడ్డం పెట్టుకుని అవ్వ అయ్యేది. ఎంత జాగ్రత్త పడిందంటే, సరుకుల చీటీలు రాసే పుస్తకం వెనకపేజీల్లో తనకు తనే కట్టడి రాసుకుంది. కొత్త మెయిలు, దానికో వేరే నంబరు, ఎవరి పుట్టినరోజూ కాని సంకేతపదం. పాప పేరు నోట రాకూడదు. ఉల్లిగడ్డల ఆటో మైకు వినపడకుండా కిటికీ మూసెయ్యాలి. కరెంటు పోతే పోయిందనకూడదు, ఏ ఊళ్ళో ఎప్పుడు పోయిందో పట్టేస్తారు. వాన పడితే ఆ మాట మర్నాడు చెప్పాలి. తెర మొత్తం చూపించకూడదు, ఫోనుకొచ్చే మెసేజీలు కనపడతాయి. ఇన్ని మూసుకుని కూర్చుంటే ఊపిరాడదనుకుంటారు ఎవరైనా. ఆమెకు మాత్రం పెళ్ళైనాక ఊపిరాడింది అక్కడే. అవ్వ గట్టిగా నవ్వుతుంది, తప్పు చేస్తే "పోనీలే, మల్లా చూద్దాం" అంటుంది, ఎవరు కసిరినా బెదరదు. శ్రీవిద్య కాలేజీలో అచ్చం అలాగే ఉండేది.

వినేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. కమలాపురం నుంచి శివలీల అనే ఆమె ఇద్దరు పిల్లల తల్లయ్యాక డిగ్రీ పరీక్ష కడుతోంది. చిక్కుళ్ళు వొలుస్తూ వింటానని రాసేది.

ఇంత కట్టడి చేసుకున్న మనిషి ఒక మంగళవారం ఓ బొమ్మలో త్రిభుజాలెన్నో చూపిస్తూ, మాటల్లో పడి, "లాభం, రెండు, మూడు..." అని లెక్కపెట్టేసింది.

వెంటనే కింద ఎవరో రాశారు: "అవ్వా, మీది అంగడోళ్ళ ఇల్లా? మా నాయన గూడా ఇట్లనే లెక్కబెడతాడు." ఇంకొకరు, "మాటను బట్టి కడప పక్కే." ఇంకొకరు, "పొద్దుటూరా? మైదుకూరా?" శ్రీవిద్య లాప్‌టాప్ మూసేసింది. మొహం దాచింది, గొంతు దాచింది, ఊరు, వాన, కరెంటు అన్నీ దాచింది. నాన్నను దాచడం మర్చిపోయింది.

మూడో రోజు పొద్దున ఉగ్గాని వడ్డిస్తుంటే కళ్యాణ్ ఫోన్లోంచి తన గొంతే వినిపించింది. "లాభం, రెండు, మూడు..." 

"అమ్మా, ఇది విన్యావా? లెక్కలవ్వంట. మనోళ్ళేనంట" అన్నాడు కళ్యాణ్ ఉత్సాహంగా. "మన సంఘం గ్రూపంతా ఇదే. ఈమె ఎవరో కనుక్కునేదాకా వదల్నని ధనుంజయ మామ పట్టుబట్టినాడు. వాసవీ జయంతికి స్టేజీ మింద సన్మానం చేస్తారంట, మొగుణ్ణి గూడా కూసోబెట్టి. ఎవుడో గానీ ఆ మొగుడు, అదృష్టవంతుడప్పా!"

రెండోసారి పెట్టాడు. మూడోసారి పెట్టాడు. శ్రీవిద్య అతని పళ్ళెంలో బజ్జీ వేసింది. అతను తలెత్తి ఆమెను చూసి, "బజ్జీలో ఉప్పు తక్కువైనట్టుండాదే" అని మళ్ళీ ఫోన్లోకి వంగాడు.

గుర్తుపట్టలేదు. గొంతు మార్చిన మాట నిజమే, కానీ మాట మార్చలేదు గదా. "పోనీలే, మల్లా చూద్దాం" అని పాపకు రోజూ ఈ హాల్లోనే, ఇతను టీవీ చూస్తుంటే, లెక్కలు చెబుతుంది. పదకొండేళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతు మీద ఓ పల్చటి ముసుగేస్తే అతనికి ఆమె ఎవరో తెలియలేదు. తెలియనందుకు ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అందుకే వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది కూడా.

ఏడుస్తూనే చెవులు రిక్కించింది. కళ్యాణ్ ఫోను వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ చేతికిచ్చి, "నువ్వు విను మా. నీకు అందరి గొంతులూ తెలుసు గదా" అంటున్నాడు. సుబ్బరత్నమ్మ చెవికి ఎవరైనా దొరకాల్సిందే. వీధిలో ఎవరి దగ్గు ఎవరిదో మంచం మీద నుంచే చెప్పేస్తుంది. దొరికిపోయాననుకుంది శ్రీవిద్య. రేపు శాలువా కప్పుతారు. ఎల్లుండి మొగుడు గదిలో పక్కన కుర్చీ వేసుకుని ఏం చెప్పాలో చెబుతాడు. ఆ తర్వాత రవిక చేతుల దగ్గరికొస్తారు. మళ్ళీ ఒకరోజు, అడక్కుండానే, ఎవరో ఒకరు అవ్వను కూడా తీసేస్తారు.

సుబ్బరత్నమ్మ ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నది. 

"ఈ పక్క గొంతు కాదురా. ఆదోని పక్క" అంది తాపీగా.

"అట్లనా? అందరూ మైదుకూరనే అంటాండారే."

"అందరికీ ఏం తెలుసు? అయినా, మొగం సూపీనని ఆ పిల్ల అట్ల కప్పుకోనుంటే ఊరంతా ఎతకడమేంది? దొరికితే ఏం జేస్తారు, మొగం మింద శాలువా కప్పుతారా? నోరు మూసుకోని తిని అంగడికి పో."

కళ్యాణ్ నవ్వేసి చెయ్యి కడుక్కున్నాడు. వంటింట్లో శ్రీవిద్య మాత్రం కొంగు నోటి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయింది. ఫోన్లో ఉన్నది తల నెరిసిన అవ్వ. అత్తమ్మ ‘ఆ పిల్ల’ అంది.

ఆ రోజు ఆమె లాప్‌టాప్ తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. మూడో రోజు ఫోన్లో చూస్తే శివలీల రాసింది: "అవ్వా, యాడికి పోయినావు? సోమవారం నా పరీక్ష." దానికి జవాబు రాయబోయి, ఫోను బోర్లించి పొట్లాల ముందు కూర్చుంది.

సుబ్బరత్నమ్మ వచ్చి ఎదురుగా చాప మీద చతికిలబడింది. ఎప్పుడూ చెయ్యనిది, ఓ పొట్లం తీసుకుని మడత పెట్టసాగింది.

"రెండు దినాలాయ, మద్యాన్నం గదిలో మాట వినపళ్ళే. జొరమా?"

శ్రీవిద్య తలెత్తలేదు. "మీకు ఎప్పట్నుంచి తెలుసు అత్తమ్మా?"

"మొదుట్నుంచే. ఇంట్లో నాకు తెలియకుండా పిల్లి పాలు తాగదు, నువ్వు సంవత్సరం నుంచి మాట్లాడతాంటే తెలీదా? నాగక్క మజ్జిగ్గని వచ్చినా, చీటీల భీమక్క వచ్చినా, కోడలు పండుకోనుందని వాకిట్లోనే పంపిస్తాండా. ఇన్నాళ్ళలో ఒక్క దినమన్నా రెండుంబావు నుంచి మూడున్నర లోపల నిన్ను నేను పిల్చినానా?"

పిలవలేదు. రోజంతా వందసార్లు పిలిచే మనిషి, ఆ గంటంబావు పిలవలేదు. తన అదృష్టమనుకుంది శ్రీవిద్య. అత్తగారు నిద్రపోతోందనుకుంది. 

"మరి కోడండ్రు పొద్దుమానం పండుకుంటారని భీమక్క దగ్గర మీరే అంటారు గదా?" అడిగింది, ఇన్నాళ్ళ ఉక్రోషం గొంతులోకి వచ్చేసి.

"అనకపోతే నమ్ముతాదా అది?" అంది సుబ్బరత్నమ్మ. కాసేపు పొట్లం మడతను గోటితో రుద్దింది. "నాకు పసుపు కొట్టుగది ఉండె. మా అత్త తిట్టినప్పుడు దాంట్లోకి పోతాంటి. దానికీ లోపల గడియ ల్యా. తలుపుకు ఈపు ఆనిచ్చి కూసుంటాంటి, ఎవరన్నా తోస్తే తెలుస్తాదని. ఏడ్సేదానికి కాదులే. ఊరికే. ఎవరూ పిలవకుండా రోంత సేపు."

అత్తగారి మీద పదకొండేళ్ళ లెక్క శ్రీవిద్య దగ్గరుంది. అది ఈ ఒక్క మాటతో తీరేది కాదు. కానీ తలుపుకు వీపానించి కూర్చున్న ఇరవయ్యేళ్ళ సుబ్బరత్నమ్మ మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

సుబ్బరత్నమ్మ లేస్తూ, "ఆ లెక్కల మాటున పొయ్యి మింద పప్పు మాడగొడతాండావు. అది మాత్రం సూసుకో" అంది, మళ్ళీ అత్తగారైపోయి.

శ్రీవిద్య చేతులు కడుక్కుని ఓబుళేశుకు ఫోన్ చేసింది. అతను పన్నెండుకల్లా సంచితో దిగాడు. "సారును అడిగినావామ్మా?" అన్నాడు. "నేను చెప్తాండా గదా" అంది. అరగంటలో ఇత్తడి గడియ బిగించి, ఆరేళ్ళ నాటి పాత చిల్లుల్లో మైనం కూరి వెళ్ళాడు.

కళ్యాణ్ భోజనానికొచ్చి, చార్జరు కోసం గదిలోకి పోయి, గడియను వేలితో అటూ ఇటూ ఆడించి చూశాడు. కోపమేం రాలేదతనికి. నిజంగానే అర్థం కాలేదు.

"ఇదేంది? ఇంట్లో ఉండేది నువ్వూ అమ్మే గదా. మన మధ్య దాపరికాలేముండాయి?"

శ్రీవిద్య అతని చార్జరు తీసి చేతిలో పెట్టింది. "ఇంగ మింద దీన్ని హాల్లోనే పెట్టుకోండి" అంది. హాల్లో సుబ్బరత్నమ్మ అప్పుడే మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. టైము రెండుంబావు కావస్తోంది, కమలాపురంలో ఎవరో చిక్కుళ్ళ గంప ముందు పెట్టుకుని కూర్చునుంటారు. 

కళ్యాణ్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "అది కాదే, గడియ ఏసుకునేంత, లోపల ఎవరుంటారని?"

"నేనుంటాను" అని శ్రీవిద్య తలుపు వేసుకుంది.