మల్లి ముక్కు మీది నలుపు

జగన్మోహనరావు గారింటి కుక్కకి రెండు పేర్లు. కాగితాల్లో ఉన్నది బారెడు ఇంగ్లీషు పేరు. రెండోది అచ్చాయమ్మ పెట్టిన మల్లి. మంచు దేశాల్లో బళ్ళు లాగే జాతట, సమోయెడ్ అంటారు, ఒళ్ళంతా పాలనురగలా తెల్లటి బొచ్చు. అలాంటి ప్రాణిని తెచ్చి దుబాయ్ ఎండల్లో పెట్టుకుని, ఏడాది పొడుగునా ఏసీ వేసి కాపాడుకోవడం ఏం సరదాయో పెట్టుకున్నవాళ్ళకే తెలియాలి. కొన్నది ఆయనే గానీ, దానికి నీళ్ళు పోయడం, గంటల తరబడి బొచ్చు దువ్వడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం అచ్చాయమ్మ పని.

అచ్చాయమ్మది రాజోలు దగ్గర పల్లె. ఈ ఇంటి పిల్ల అక్షయని చూసుకోవడానికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. అక్షయ మణిపాల్ కాలేజీలో చేరాక, ఇక ఈవిడెందుకన్న మాట ఇంట్లో ఒకసారి వచ్చింది. మల్లి ఉండబట్టి ఆ మాట అక్కడితో ఆగింది. ఇప్పుడు అచ్చాయమ్మ వీసా వచ్చే నెలతో సరి. అక్కడ కాకినాడలో కూతురు దేవి నర్సింగు చదువుకి ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ ఇక్కడ ఉండనిస్తే చాలు, తర్వాత దుబాయ్ వైపు తిరిగి చూడనని ఆవిడ రోజూ దేవుడితో బేరం పెట్టుకునేది.

ఆ ఫిబ్రవరిలో పెద్ద కుక్కల పోటీ వచ్చింది. సరిగ్గా దానికి ముందే మల్లి ముక్కు పాలిపోవడం మొదలైంది. బొగ్గులా నిగనిగలాడే ముక్కు మధ్యలో గులాబీ రంగు మచ్చ తేలింది. జగన్మోహనరావుకి నిద్ర కరువైంది. జెబెల్ అలీ కంపెనీలో నూటయాభైమంది మీద ముదీర్‌గా, అంటే మేనేజరుగా, పెత్తనం చేసే మనిషికి, కుక్క ముక్కు ముందు మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసినవాళ్ళని అడిగితే నామోషీ అనుకున్నాడు.

పోటీ రోజు పొద్దున్నే హాలు పక్కన గుడారంలో అచ్చాయమ్మ మల్లిని బల్లెక్కించి దువ్వింది. ఎప్పటిలాగే ఎడమ చెవి వెనక, బొచ్చు పాయ తీసి, కాటుకతో ఇంత దిష్టి చుక్క పెట్టింది. చంటిపిల్లకి పెట్టినట్టే పెట్టేది, పైకి కనపడదు. తర్వాత అయ్యగారు నీళ్ళు తెమ్మంటే వెళ్ళి తెచ్చింది. తిరిగొచ్చేసరికి ఆయన కాగితంతో చేతులు తుడుచుకుంటున్నాడు, ఆ కాగితం నల్లగా ఉంది. మల్లి ముక్కు మళ్ళీ బొగ్గులా ఉంది. అచ్చాయమ్మ చూసింది, ఊరుకుంది. పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకనుకుంది.

బరిలో జడ్జి నెరిసిన జుట్టు తెల్లావిడ. మల్లి పళ్ళు చూసింది, వీపు నిమిరింది, మూతి దగ్గర చెయ్యి ఆపింది. తడి కాగితం తెప్పించి ముక్కు మీద ఒక్కసారి రాసింది. కాగితం నల్లబడింది. ఆవిడ దాన్ని పైకెత్తి చూపించి, కుక్కని బయటికి తీసుకుపొమ్మంది. పోటీకొచ్చే కుక్కకి రంగు పూస్తే అంతే, ఇంకో మాటుండదు.

ఇక చూడాలి. కుర్చీకి ఒక తీర్పు చొప్పున వచ్చింది. కొందరు పదేళ్ళు నిషేధించాలన్నారు. కొందరు జడ్జికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు, కొందరు ఇండియావాళ్ళ కుక్క కాబట్టే గెంటేశారన్నారు. కుక్కని ఏనాడూ ముట్టనివాళ్ళే గొంతు చించుకుని అరిచారు. జగన్మోహనరావు మొహం పాలిపోయింది. తీర్పు మీద ఫిర్యాదు చేస్తే, గంటలో కమిటీ ముందుకి రమ్మన్నారు.

నడవాలో ఆయన అచ్చాయమ్మని పక్కకి పిలిచాడు.

"దిష్టి చుక్క పెట్టావుగా?"

"ఆయ్, పెట్టానండి. ఎడం సెవెనక."

"చెవి అనకు. ముక్కు మీద పెట్టానని చెప్పు."

"ముక్కు మీద ఎవరు పెడతారండీ?"

"ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? మన ఆచారం, తెలియక పెట్టానను. నీ వీసా పొడిగింపు కాగితాలు రేపే టైపింగ్ సెంటర్‌కి పంపిస్తాను."

అచ్చాయమ్మ పక్కనే ఉన్న అమ్మగారు వైదేహి వైపు చూసింది. ఆవిడ ఫోను లోంచి తల ఎత్తి, "చెప్పేయ్ అచ్చాయమ్మా, నీకేం పోతుంది? ఒక్క మాటేగా," అంది.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అచ్చాయమ్మకి ఆ నడవాలోనే తెలిసింది. అబద్ధమాడాలంటే ఆవిడకి చచ్చేంత భయం. కానీ ఆ భయం కంటే దేవి చదువు పెద్దది.

అయ్యగారి వెనకే అచ్చాయమ్మ వెళ్ళేసరికి గదిలో కమిటీవాళ్ళు ముగ్గురున్నారు. జడ్జి, క్లబ్బు కార్యదర్శి అయిన లెబనాన్ పెద్దమనిషి, రత్నాకర్. రత్నాకర్ పశువుల డాక్టరు, హైదరాబాద్ మనిషి, ముప్పై ఏళ్ళుగా షార్జాలో ఉంటున్నాడు. తెలుగులో అడిగే పని ఆయనకే పడింది.

"నల్లది ఏంది తల్లీ అది?"

"కాటుకండి. దిష్టి తగలకుండా నేనే పెట్టానండి."

"దిష్టి సుక్క ముక్కుకు పెడ్తరా ఎవరన్న?"

"మా వైపు పెడతామండి."

రత్నాకర్ ఆవిడని కాసేపు చూశాడు. చూపు తిప్పుకోకుండా నిలబడ్డానికి అచ్చాయమ్మ కాలి బొటనవేలు చెప్పులో నొక్కి పెట్టింది. ఆయన మళ్ళీ మెల్లగా అడిగాడు. "భయపడకు. ఎవరన్న చెప్పుమన్నరా?"

"లేదండి. నేనేనండి."

అక్కడ నుంచి ఇంగ్లీషులో వాదన సాగింది. రంగు ఎవరు పూసినా రంగేనంది జడ్జి. ఒకరి ఆచారాన్ని మోసమంటే క్లబ్బుకే చెడ్డపేరన్నాడు కార్యదర్శి. రత్నాకర్ మాత్రం ఈమె మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదన్నాడు గానీ, రుజువేదంటే చూపలేకపోయాడు. ఆఖరికి యజమాని తప్పు లేదని తేలింది. ముక్కు శుభ్రంగా కడిగి, సాయంత్రం మళ్ళీ బరిలోకి తెమ్మన్నారు.

అప్పుడే జడ్జి లేస్తూ ఒక మాటంది. చలికాలంలో ఈ జాతికి ముక్కు పాలిపోవడం మామూలే, దానికి నేను మార్కులు తగ్గించను, రంగు లేకపోతే పొద్దున్నే గెలిచేది అని. రత్నాకర్ ఆ మాటని అచ్చాయమ్మకి తెలుగులో చెప్పి జగన్మోహనరావు మొహంలోకి చూశాడు. ఆయన నేల చూపులు చూశాడు.

కమిటీ ఒక షరతు పెట్టింది. రంగు పూసిన మనిషి ఇక ఆ కుక్కని ముట్టకూడదు, ఆ పని నుంచి తీసేస్తున్నట్టు యజమాని రాసివ్వాలి. జగన్మోహనరావు కలం కోసం జేబు తడుముకుని, దొరక్కపోతే కార్యదర్శినే అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. ఏం రాశారో అచ్చాయమ్మకి ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చాక ఆ షరతు సంగతి రత్నాకర్ చెప్పాడు.

"నిజం చెప్తె నేను నిలబడుతుంటి కదమ్మా. ఇప్పుడు నా చేతుల ఏం లేదు, ఖలాస్."

సాయంత్రం మల్లికి మొదటి బహుమతి వచ్చింది. ఫోటోలో జగన్మోహనరావు, వైదేహి, మధ్యలో పాలిపోయిన ముక్కుతో మల్లి. అచ్చాయమ్మ కంచె అవతల నిలబడింది. మల్లి ఆవిడని చూసి తాడు గుంజుకుంటుంటే, దగ్గరికి రావద్దని వైదేహి చేత్తో సైగ చేసింది.

మూడు రోజులు ఇంట్లో ఎవరూ వీసా ఊసెత్తలేదు. నాలుగో రోజు వైదేహే వంటింట్లోకి వచ్చింది. "ఏం చెయ్యమంటావు, వాళ్ళ రూలలా ఉంది. మల్లిని ముట్టకూడనప్పుడు నిన్నుంచుకుని ఏం చేస్తారు ఆయన? ఈ నెలాఖరుకి టికెట్ తీస్తున్నాం," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తుడుచుకుని, వెళ్ళబోతూ ఆగింది. "అన్నట్టు, దానికి తెలుగు మాటే అలవాటు. మీ వైపు నెమ్మదైన పిల్ల ఎవరన్నా ఉంటే చెప్పు, నీ వీసా స్థానంలో తెచ్చుకుంటాం."

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్ళు విరిగాయంటారు. ఇక్కడ దూడే వెళ్ళి కాలు అడ్డం పెట్టింది. తప్పెవరిదని అడిగితే అచ్చాయమ్మ తనదే అనుకుంది, అదే ఆవిడని ఎక్కువ కాల్చింది.

శుక్రవారం దేవికి ఫోన్ చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ముక్కు దగ్గర నుంచి పిల్ల కావాలన్న మాటదాకా.

"ఇంటన్నావా?"

"ఇంటన్నానమ్మా," అంది దేవి. "నువ్వొచ్చేత్తే నా సదువెలాగూ ఆగుద్ది కదా. ఆళ్ళడిగిన పిల్లగా నేనొచ్చెయ్యనా?"

"కాళ్ళు ఇరగ్గొడతాను," అంది అచ్చాయమ్మ.

దేవి పాస్‌పోర్టుకి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది.