శోకంలో ఖాళీ చోటు

ఎల్నూరా అత్తగారికి వణుకు జబ్బు వచ్చి గొంతు పోయిందని ఊరందరికీ తెలుసు, ఒక్క అత్తగారికి తప్ప. ఆవిడ లెక్కలో ఊరందరికీ చెవుడు వచ్చింది. పట్నం డాక్టర్లు పార్కిన్సన్ అన్నారు. ఆవిడ పెదవులు కదిలితే కోడలికి గాలి తప్ప ఏమీ వినపడేది కాదు. చేతికి దొరికింది అందించి, "ఇదేనా అత్తమ్మా?" అంటూ నెట్టుకొచ్చేది.

మాటలు నేర్పే డాక్టరు చోల్పోన్ ఇచ్చిన ట్యాబ్‌కు మాత్రం అలాంటి మొహమాటాలు లేవు. వినపడిన మాటను తెర మీద పచ్చటి అక్షరాల్లో రాస్తుంది, వినపడకపోతే ఊరుకుంటుంది. మొదటి రోజు ముసలావిడ దాని ముందు కూర్చుని అలిసిపోయేదాకా తిట్టింది. ఒక్క అక్షరం పడలేదు. అప్పుడు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, నిజంగా భయపడింది.

ఎల్నూరాకు నెలలు నిండుతున్నాయి, తొలిచూలు. పుట్టే బిడ్డ చెవిలో పేరు తనే పిలవాలని ఆవిడ పంతం. వినపడని గొంతుతో పిలిస్తే ఆ పేరు బిడ్డకు అంటుతుందా? అదీ ఆవిడ బెంగ.

మాట రాలేదు గానీ, ఒకనాడు పాట వచ్చింది. అదీ కోషోక్. ఎవరైనా పోతే, ఇటుకల ఇల్లున్నవాళ్లు కూడా పెరట్లో ఉన్నిగుడారం వేస్తారు. అందులో ఆడవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుని పెట్టే శోకం అది. నరీన్ లోయలో ఆవిడ శోకం పెట్టనిదే శవం లేచేది కాదని పేరు. బతుకంతా చేసిన పని, జబ్బుకు లొంగలేదు. గొంతు ఖంగుమంది. తెర నిండా పచ్చటి అక్షరాలే.

ఎల్నూరా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఆపండి అత్తమ్మా! చావు లేని ఇంట్లో శోకమేంటి? చుట్టుకుంటుంది!"

ముసలావిడ కోడలిని దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసగా అంది. "పేరు పెట్టందే చావు ఎవరింటికి పోతుందే, పిచ్చిదానా? దారి తెలీక కొండల్లో తిరుగుతుంది. పోయినవాళ్ల పేరొచ్చే చోట నోరు మూసుకుంటాలే."

ఫోనులో చోల్పోన్ సంబరపడిపోయింది. "ఏ పాటైతేనేం పెద్దమ్మా, రోజూ పాడండి!" బిష్కెక్ పట్నంలో పెరిగిన పిల్ల, శోకం సంగతి ఆమెకేం తెలుసు.

రోజూ పాడింది. పేరు దగ్గర ఆగి, మళ్లీ అందుకునేది. పాట వెనకే ఒకటీ అరా మామూలు మాటలు కూడా తెర మీద పడసాగాయి. ఎల్నూరాకు కూడా ఆశ పుట్టింది.

ఒక మధ్యాహ్నం టీ తెచ్చి పెడుతూ తెర వంక చూసింది. "జీను వేసిన గుర్రం వాకిట్లో నిలబడింది, లేచి రావే ఎల్నూరా."

"నా పేరన్నారా అత్తమ్మా?"

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ పాడించి, ఆ పెదవుల వంకే చూసింది ఎల్నూరా. మూసే ఉన్నాయి. అయినా ఖాళీ చోటులో అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. ఎల్నూరా. ఆమె చెయ్యి పొట్ట మీదికి పోయింది. పొద్దుటి నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదని అప్పుడు గుర్తొచ్చింది.

చోల్పోన్‌కు ఫోను చేస్తే నవ్వేసింది. "అది నేర్చుకుంటుందక్కా. పెద్దమ్మ ఎక్కువసార్లు పిలిచే పేరే అక్కడ పెట్టేస్తుంది. మీ అత్తగారికి మీరంటే ఎంత ప్రేమో చూశారా!"

ఆ మాట విన్నాక ఎల్నూరాకు భయం ఇంకా పెరిగింది. పేరు చెరిపేసింది. పాడగానే మళ్లీ వచ్చింది.

ముసలావిడ టీ పక్కకు నెట్టింది. నెమ్మదిగా గోడవైపు తిరిగింది, గుడారంలో కూర్చున్నట్టే. శోకం అందుకుని, ఖాళీ చోటు రాగానే గొంతంతా పెట్టి ఒక పేరు పలికింది.

"జూరకాన్!"

ఆ ఇంట్లో అత్తగారి పేరు ఎవరూ పలకగా ఎల్నూరా వినలేదు. అత్త పేరు కోడలి నోట రాకూడదు. కొడుక్కి ఆవిడ అమ్మ, ఊరికి శోకాల అవ్వ. ట్యాబ్ కూడా వినలేదు కాబోలు, అడిగింది: కొత్త పేరు, ఉంచాలా? కింద అవును, వద్దు.

ముసలావిడ వేలు వణుకుతూ రెంటికీ తగలకుండా పక్కకు పోయింది.

"నొక్కవే," అంది పాట రాగంలోనే.

"నా వల్ల కాదు అత్తమ్మా. మీరు పోతే బిడ్డకు పేరెవరు పిలుస్తారు?"

"పిలిచేవాళ్లకేం, ఊరినిండా ఉన్నారు. పలికే బిడ్డ ఉండాలిగా ముందు!"

ఎల్నూరా నొక్కింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కించలేదు. అవును అనే నొక్కింది. కడుపులో బిడ్డ ఒక్కసారి దొర్లింది. ఆమె పొట్ట మీద చెయ్యేసుకుని ఏడ్చింది, సంతోషం సగం, సిగ్గు సగం.

ముసలావిడ ఇంకోసారి పాడింది. ఖాళీ చోటు దగ్గర పెదవులు బిగించి, తెర వంక చూస్తూ ఊరుకుంది. జీను వేసిన గుర్రం వాకిట్లో నిలబడింది, లేచి రావే జూరకాన్ అని తెర మీద పడింది.

"నేర్చుకుంది," అంది.

ఆ మాటకు రాగం లేదు, గుసగుస కాదు. మామూలుగానే అంది. ఎల్నూరాకు స్పష్టంగా వినిపించింది, ట్యాబ్ దాన్ని కూడా పచ్చగా రాసింది.