రెండు పొట్టేళ్ల బరువు

చలికాలమంతా మా ఇంటి వసారాలో ఇద్దరం పడి ఉన్నాం. మంచం మీద నేను, నేల మీద విప్పి పరిచిన రాజ్‌దూత్ బండి. ఇద్దరిలో మర్యాద ఎవరికి ఎక్కువ జరిగిందో వచ్చిపోయేవాళ్లను అడిగితే చెబుతారు. దానికి రోజూ డీజిలుతో స్నానం, మెత్తటి గుడ్డతో తుడుపు, పక్కన కూర్చుని గంటలకొద్దీ సేవ. నాకు రెండు పూటలా మందు గోళీలు. అవి కూడా స్టూలు మీద పెట్టి పోవడమే.

మా ఆయన రామనర్సయ్య గొర్రెల బేరగాడు. పెన్‌పహాడ్ దగ్గర మా ఊరు. మాకు సొంత మంద ఉంది. అది కాక ఊళ్లు తిరిగి పొట్టేళ్లు కొని సూర్యాపేటలో అమ్ముతాడు. గొర్రె నడుం మీద చెయ్యి వేసి, వెన్ను ఒకసారి పట్టి చూసి ఇంత బరువు అంటాడు. ఆయన చెప్పాక దాన్ని మళ్లీ కాంటా మీద పెట్టేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. ఆ గర్వం ఆయన నడకలోనే కనిపిస్తుంది.

వానాకాలంలో ఒకరోజు మంద దగ్గర నుంచి ఈ బండి మీదే వస్తున్నాం. నేను వెనక ఒక పక్కకు కూర్చుని, పుట్టి రెండు రోజులు కూడా కాని గొర్రెపిల్లను ఒళ్లో పట్టుకున్నాను. దారి పక్కన ఎవరిదో మంద మేస్తోంది. ఈయన కళ్లు అటు పోయాయి. ఏ పొట్టేలు ఎంత తూగుతుందో చూస్తూ ఎదురుగా ఉన్న గుంత చూడలేదు. పిల్లకు ఏమీ కాలేదు. నాకు తుంటి ఎముక విరిగింది. సూర్యాపేట దవాఖానలో లోపల రాడ్డు వేసి పంపించారు.

ఎముక అతుక్కుంది. నా కోపం ఎముక గురించి కాదు. పడిన రోజు నుంచి ఈ మనిషి నా మొహం వైపు చూడలేదు. ఎట్లా ఉంది అని ఒక్కసారి అడగలేదు. తప్పయింది అనమని నేను కోరలేదు, ఆ మాట ఈ ఇంటి మగవాళ్ల నోట ఎన్నడూ రాదు. నొప్పా అని అడిగితే చాలు. ఊరంతా అడిగింది. పాలు పోసే ఆమె అడిగింది. చెట్టంత మొగుడికి మాత్రం నోరు రాలేదు.

దీపావళి పోయాక ఒకరోజు కొట్టంలో నుంచి బండి బయటికి లాగి విప్పడం మొదలుపెట్టాడు. అమ్మేస్తాడేమో, పీడ విరగడవుతుంది అనుకున్నాను. కాదట. కొడుకు నరేష్‌తో ఫోన్లో చెబుతుంటే విన్నాను. మాఘంలో దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల జాతర. రెండేళ్లకోసారి వస్తుంది, గొల్లవాళ్లం మేము ఎన్నడూ తప్పలేదు. నాకు ఆటోలో కాలు చాపుకునే వీలు లేదు కాబట్టి, బండికి ఎడమ పక్కన ఒక పెట్టె కట్టి, దానికి మూడో చక్రం వేసి, నన్ను అందులో కూర్చోబెట్టి తీసుకుపోతాడట. ఈ సంగతంతా నరేష్‌కు తెలుసు. చేయి చాపితే అందేంత దూరంలో పడుకున్న నాకు చెప్పాలని ఆయనకు తోచలేదు.

కారు కిరాయికి మాట్లాడతానని నరేష్ అన్నాడు. అమ్మకు కారు పడదు, కక్కుతుంది అని ఈయన జవాబిచ్చాడు. అది నిజమే. అంత గుర్తున్నవాడు ఇటు తిరిగి ఒక్క మాట అడగడానికి ఏం రోగమని నాకు ఒళ్లు మండింది.

ఇక ఆ నెలలు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. బియ్యం కడిగే గిన్నెలో నట్లు నానాయి. పోపు డబ్బాలో వాషర్లు దొరికాయి. మిర్యాలగూడలో పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి స్కూటర్ చక్రం ఒకటి తెచ్చాడు. అది ఇరుసుకు పట్టలేదు. మళ్లీ పోయి ఇంకొకటి తెచ్చాడు. అది పట్టింది కానీ తిరిగినప్పుడల్లా అటూ ఇటూ ఊగింది. పెట్టె బిగించి చూస్తే బండి మొత్తం ఎడమకు లాగింది. విప్పాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ విప్పాడు. పొద్దున మంచు కురుస్తుంటే చెవులకు తువ్వాల చుట్టుకుని ఆకురాయితో ఇనుము గీకుతూ కూర్చునేవాడు. ఆ చప్పుడుకు నాకు పళ్లు పులిసేవి. లేచి పోదామంటే కర్ర లేనిదే అడుగు పడదు.

పెట్టెలో నా కాలు చక్కగా పట్టాలంటే కొలత కావాలి. ఆ కొలత కోసం నా దగ్గరికి రాలేదు. మిర్యాలగూడలో ఉండే బిడ్డ రజనిని పిలిపించాడు. అది టేపు పట్టి నా కాలు కొలిచి అంకెలు గట్టిగా చెబుతుంటే, ఈయన మాకు వీపు పెట్టి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. అదే రోజు రజని నా జాకెట్లన్నిటికీ పక్క కుట్లు లోపలికి వేసింది. ఏందమ్మా ఇట్లా అయ్యావు అని కుడుతూనే ఏడ్చింది. నాకు అన్నం గొంతు దిగడం లేదని దానికి చెప్పాను. వసారాలో రెంచీ తిరుగుతూనే ఉంది.

పెట్టెకు కింద వేసే చట్రం కోదాడలో వెల్డర్ జయరాజు చేశాడు. ట్రాలీ ఆటోలో తెచ్చి తానే బిగించాడు. బిగించాక ఒక జాగ్రత్త చెప్పాడు.

"పెట్టె తేలిగ్గా ఉంటే ఎడమకి తిప్పినప్పుడు చక్రం పైకి లేస్తదండి. కూర్చున్నవాళ్ల బరువే దాన్ని నేలకి పట్టుకోవాలి. అమ్మగారు ఎంతుంటారు?"

"రెండు పొట్టేళ్లు," అన్నాడు మా ఆయన, నట్టు మీద నుంచి తల ఎత్తకుండా.

జయరాజు నా వైపు చూశాడు. ఆయన వైపు చూశాడు. ఏదో అనబోయి, మనకెందుకులే అనుకున్నట్టు సామాను సర్దుకున్నాడు. పెళ్లాన్ని పొట్టేళ్లతో తూచే మొగుడు నాకు తప్ప ఇంకెవరికి దొరుకుతాడు? ఆ మంటలో, ఆయన పళ్లెంలో పోసి పెట్టుకున్న బోల్టులన్నీ కర్రతో వాకిట్లోకి చిమ్మాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది, అప్పుడైనా ఇటు తిరిగేవాడు. ఆయన వంగి, తడి మట్టిలో నుంచి ఒక్కొక్కటే ఏరుకుని, కడిగి, మళ్లీ పళ్లెంలో పోసుకున్నాడు. దానికి నాకు ఇంకా మండింది.

బండి తయారయ్యాక మందలో నుంచి రెండు పొట్టేళ్లను ఏరి, కాళ్లు కట్టి, పెట్టెలో కూర్చోబెట్టి ఊరి చుట్టూ తిప్పాడు. అవి తలలు బయటికి పెట్టి దర్జాగా చూస్తుంటే ఊళ్లో నవ్వనివాళ్లు లేరు. నీ సీట్లో వేరేవాళ్లు కూర్చున్నారని పక్కింటి గోపమ్మ వచ్చి మరీ చెప్పిపోయింది. ఆయన మాత్రం అన్ని మలుపులూ తిప్పి చూసుకుని, బండి నీళ్లలా పోతోందని నరేష్‌కు ఫోన్ చేశాడు.

జాతర ఇంకో వారం ఉందనగా ఒక పొద్దున, మంచు విడిచి ఎండ వచ్చాక, బండి వాకిట్లో పెట్టి నిలబడ్డాడు. ఎక్కు అనలేదు. పెట్టెలో బొంత పరిచి, నా కర్ర తెచ్చి మంచానికి ఆనించి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మీద ప్రేమతో ఎక్కలేదు నేను. మంచం మీద విసుగెత్తి ఎక్కాను. కాలు చాపితే సరిగ్గా పట్టింది. వెనక్కి ఆనుకుంటే నడుముకు హాయిగా ఉంది. అంత బాగా కుదిరినందుకు కూడా కోపమే వచ్చింది.

ఊరు దాటేదాకా బాగానే పోయింది. కాల్వ దగ్గర దారి ఎడమకు తిరుగుతుంది. ఆయన తిప్పాడో లేదో నా పక్క పైకి లేచింది. చక్రం గాలిలో ఉత్తగా తిరిగింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన హ్యాండిల్ కుడికి తిప్పి సరిచేసేసరికి చక్రం దబ్బున కింద పడి, బండి కట్ట మీది గడ్డిలోకి పోయి ఆగింది.

దెబ్బ తగల్లేదు. ఆయన ఇంజను ఆపి దిగాడు. నా దగ్గరికి కాదు, చక్రం దగ్గరికి. కూర్చుని బోల్టులు పట్టి చూశాడు. చట్రం ఊపి చూశాడు. అంతా గట్టిగానే ఉంది. పొట్టేళ్లతో ఇదే మలుపు తిరిగాను, అప్పుడు లేవలేదు, ఇప్పుడెందుకు లేచింది అని తనలో తానే గొణుక్కున్నాడు. మిగిలింది పెట్టెలో బరువు ఒక్కటే. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి చాపి, బేరంలో గొర్రెను పట్టినట్టే నా నడుం వెనక పట్టి చూశాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెన్నుపూసలు వేళ్లకు తగిలాయి. మెల్లగా భుజం పట్టి చూశాడు. మణికట్టు పట్టి చూశాడు. చివరికి తల ఎత్తి నా మొహం చూశాడు.

"ఎప్పుడు గిట్లయినవ్?"

"నువ్వు బండి ఇప్పుకుంట కూసున్నప్పుడు," అన్నాను.

ఆయన గడ్డిలో కూలబడ్డాడు. ఊరూరా జీవాల బరువు చెప్పే మనిషి. ఇంట్లో పెళ్లాం సగమైతే కనుక్కోలేదు. సిగ్గుతో చచ్చిపోయేట్టు ఉన్నాడు. నాకు జాలి రాలేదు. బాగా అయింది అనిపించింది.

"దవాఖానల నిన్ను స్ట్రెచర్ మీద తీస్కపోతుంటే సూసిన," అన్నాడు. "గంతే. మల్ల సూసెటందుకు నాకు మొఖం సెల్లలే, అలివేలూ. ఈ బండి సక్కగ జేసి నిన్ను కూసోవెట్టినంక సూద్దామనుకున్న."

ఈ రోజు కోసం ఎన్ని తిట్లు కూడబెట్టుకున్నానో లెక్క లేదు. మంచం మీద పడుకుని రోజుకొకటి కొత్తది కలుపుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ మొదలుపెట్టబుద్ధి కాలేదు. కోపం పోయిందని కాదు, ఎదురుగా ఉన్న మనిషి నన్ను చూస్తున్నాడు. నెరిసిన గడ్డం, గోళ్లలో గ్రీసు, ఎర్రబడిన కళ్లు. మళ్లీ పక్కకు తిరుగుతాడేమో అనుకున్నాను. తిరగలేదు.

"బాగ నొప్పి వెట్టిందా?" అన్నాడు.

వానాకాలంలో అడగాల్సిన మాట మాఘంలో అడిగాడు. వచ్చిపోయిన వాళ్లందరికీ ఏం లేదులే, తగ్గిందిలే అని చెప్పి చెప్పి నా నోరు దానికే అలవాటు పడింది. ఇప్పుడు కూడా అదే రాబోయింది.

"వెట్టింది," అన్నాను. "ఇంక వెడుతనే ఉన్నది."

ఆ మాట బయటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు.