వానలు ముంచిన ఏడాది వైను

మధ్యాహ్నం రెండు దాటితే గోరంట్ల బజారులో గిరాకీ ఉండదు. మల్లికార్జునయ్య పచారీ కొట్టు తలుపు సగం వేసి, మూటల మధ్య చాప పరుచుకున్నాడు. కూతురు సుష్మిత ఆ వేళ కోసమే కాచుకొని ఉంది. సంచిలోంచి సీసా తీసింది.

బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో అతిథుల భోజనానికి తగిన వైను చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. వానాకాలంలో పట్టిన జ్వరం తగ్గింది గానీ, ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. సెలవు పెట్టి వచ్చేసింది. మేనేజరుకు కారణం చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. పొయ్యి మీద తిరగమోత మాడుతున్నా పక్కనే కదలకుండా కూర్చున్న రోజు నాయన ఒక్కడే కనిపెట్టాడు.

“ఇదేనా నువ్వు పోసే మందు?” అన్నాడు.

“ఇటలీది నాయనా. నాకు పని నేర్పినాయన ఇచ్చినాడు. వాసన తెలుస్తాదేమో చూద్దామని తెచ్చినా.”

గ్లాసులో పోసింది. పలచని ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు పీల్చింది. నీళ్లను వాసన చూసినట్టే ఉంది. ఆమె తల అడ్డంగా ఊపడం చూసి మల్లికార్జునయ్య గ్లాసు అందుకున్నాడు. మందు ముట్టని మనిషి.

“తాగను. వాసన చూడనని మాత్రం ఎవురికీ మాటియ్యలేదు గదా.”

కళ్లు మూసుకున్నాడు. “ఎండిన రోజారెక్కలు... అతిమధురం వేరు... అడుగున కొత్తగా ఏసిన రోడ్డు మాదిరి తారు వాసన.”

సుష్మిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి వైను గురించి అతిథులకు తాను చెప్పే మాటలే అవి. గ్లాసు తీసుకొని ఒక గుక్క తాగింది.

“పులుపు తెలుస్తాంది నాయనా. వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టుకుంటాంది. అయితే సన్నంగా ఉండాది, బరువు లేదు. ఆ ఏడు ఆడ ఎండాకాలమంతా వానలే. వడగండ్లు గూడా. ద్రాక్ష కుళ్లితే గుత్తి గుత్తీ ఏరి పారేసినారు. మిగిలినదాంతో చేసింది ఇది.”

“వాన పడి చెడినారా?” మల్లికార్జునయ్య నవ్వబోయి ఆగాడు. వేరుశెనగ చేలు ఎండిపోయిన ఏళ్లలో కొట్టు ముందు నుంచి తల దించుకొని పోయిన రైతులు ఆయనకు తెలుసు. వానకు ఏడ్చేవాళ్లు ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. “పాపం,” అన్నాడు.

సీసా తిప్పి చూశాడు. ద్రాక్ష పండిన ఏడు, 2014 అని ఉంది. “చెడ్డ ఏడని తెలిసీ ఆ అంకెనే అచ్చేసినారే?”

“ఏస్తారు నాయనా. దాచిపెడితే మళ్లీ ఎవురు నమ్ముతారు?”

అన్నాక ఆ మాట తనకే తగిలింది. గ్లాసు కింద పెట్టింది. తర్వాత ఫోను తీసి, నాయన ఎదుటే మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. ముందే చెప్పనందుకు ఆయన కోప్పడ్డాడు. వాసన మళ్లీ తెలిసేదాకా భోజనాల ఏర్పాట్లు చూసుకొమ్మన్నాడు. ఉద్యోగంలో పై మెట్టు కోసం చలికాలంలో రాయాల్సిన వైను పరీక్ష మాత్రం ఈసారికి వదులుకోవాల్సిందే. అయినా రోజుల తరబడి గుండె మీదున్న బరువు కొంత దిగింది.

ఇంకో గుక్క తాగి గ్లాసు నాయనకు చాపింది. “ఇప్పుడెట్లుండాది?”

“రోజా తగ్గింది. తడిసిన మట్టి మాదిరుండాది.”

ఆ వాసనను మనసులోనే తలచుకుంటూ మిగిలింది మెల్లగా తాగేసింది. మల్లికార్జునయ్య సీసాకు బిరడా బిగించి లేచాడు.

“పద పాపా, మీ అమ్మకు గూడా చెబుదాం.”

“ముక్కు సంగతా, వైను సంగతా?”

“ముందు ముక్కు సంగతి,” అన్నాడాయన, సీసాను బియ్యం మూట వెనక పెడుతూ.